సింగారి కీలకపదం అయిన వైనం

మా మునగలదిన్నెకు కీలకపదం లేదన్న సంగతి కిందటేడు మాఘమాసం దాకా మాకెవరికీ తెలియదు. లేకుండానే తింటున్నాం, లేకుండానే నిద్ర పోతున్నాం, లేకుండానే పిల్లల పెళ్ళిళ్ళు చేస్తున్నాం. ఆ లోటు మాకు తెలియజెప్పడానికి మండలం ఆఫీసు నుంచి ఒక అధికారి పనిగట్టుకుని జీపులో రావలసి వచ్చింది.

ఆయన పేరు సుధాంశు శేఖరం. హోదా మండల కీలకపదాధికారి. ఆ హోదా అంతకు ముందు నెలలోనే పుట్టింది. ఆయన కుర్చీకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. మనిషి మంచివాడే. మాట మాత్రం గెజిట్లోంచి చదివినట్టు ఉంటుంది. దాహమేస్తోంది అనడానికి "మంచినీటి ఆవశ్యకత ఏర్పడినది" అంటాడు. వినేవాడికి ఆ మాట అర్థమయ్యేలోపు ఆయన దాహం తీరిపోతుంది.

పంచాయతీ ఆఫీసు వసారాలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆయన సంగతి సెలవిచ్చాడు.

"గ్రామస్థులారా, ఇకమీదట ప్రతి గ్రామమూ ఆన్‌లైనులో ఒక సరుకు అమ్మవలెను. ఏ సరుకు అనునది మీ ఇష్టము కాదు, మా ఇష్టమూ కాదు. ప్రజలు ఫోన్లలో ఏ మాటను ఎక్కువగా వెతుకుచున్నారో, ఏ సరుకును ఎవరూ అంతగా అమ్ముట లేదో, అది ఈ యంత్రము తేల్చును. వెతుకువారు ఎక్కువ, అమ్మువారు తక్కువ. అట్టి మాటయే కీలకపదము. కీలకపదము లేని గ్రామము మార్చి ముప్పైఒకటి తర్వాత శాఖ దృష్టిలో లేనట్లే."

మా సర్పంచి మస్తానయ్యకు భయం పట్టుకుంది. ఉన్న ఊరికే రోడ్డు లేదు, లేని ఊరికి ఏముంటుంది.

"మా ఊళ్ళో మిరపకాయలు బాగా పండుతయ్యి సార్" అన్నాడు.

అధికారి టకటకా కొట్టాడు. "మిరపకాయలు. పోటీ తీవ్రము. తిరస్కరించడమైనది."

"పోనీ గోంగూర పచ్చడి."

"పోటీ అతి తీవ్రము."

"తాటాకు బుట్టలు అల్లుతారు సార్ మా ఆడవాళ్ళు."

ఆయన మళ్ళీ కొట్టి, కళ్ళు చిట్లించి చూశాడు. "ఈ నెలలో వెతికినవారు పదకొండుగురు. పదకొండవవాడను నేనే, ఇప్పుడు."

ఇట్లా మా ఊళ్ళో పండేవీ వండేవీ అన్నీ ఒక్కొక్కటే ఓడిపోయాయి. చివరికి నేను నెమ్మదిగా లేచాను.

"అందరూ వెతికేది, ఎవరి దగ్గరా లేనిది ఒకటి మా ఇంట్లో ఉంది సార్."

"ఏమిటది?" ఆయన వేళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"నా కళ్ళజోడు."

వసారా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. కొట్టి చూసి, "కళ్ళజోళ్ళు. పోటీ తీవ్రము. కూర్చోండి కోటిలింగం గారూ" అన్నాడు. ఆ రోజు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. పరాచికాన్ని కూడా యంత్రంలో వేసి నిజానిజాలు తేల్చుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

జీపు వెళ్ళిపోయింది. ఊరికి నలభై రోజులు గడువు. ఆ వారంలోనే నాంచారమ్మ బర్రె పోయింది.

నాంచారమ్మ నాకు వరసకు మరదలు. మొగుడు పోయి పదేళ్ళయింది. పొలం లేదు. ఉన్నదల్లా ఒక రేకుల కొట్టం, అందులో సింగారి అనే బర్రె. పొద్దున పదకొండిళ్ళకు పాలు, మధ్యాహ్నం ఊరందరికీ మజ్జిగ. సింగారికి ఎడమ కొమ్ము ఒకటే ఉంది. కుడి కొమ్ము మస్తానయ్య జీపును పొడిచినప్పుడు విరిగింది. అప్పట్లో అది ఇంకా ఈనని పడ్డ. జీపు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక పక్కకే పోతుంది. మా సర్పంచి ఒంగోలు పోవాలంటే అద్దంకి వైపు మళ్ళించి బయల్దేరతాడు, అది తనంతట తానే ఒంగోలు చేరుతుంది.

ఆ సింగారి మంగళవారం పొద్దున మేతకు పోయి సాయంత్రానికి రాలేదు.

మా ఊళ్ళో గొడ్డు తప్పిపోతే ఒక కట్టుబాటు ఉంది. దండోరా వేయించాలి. ఇంటికొకరు చొప్పున వెతకడానికి కదలాలి. దొరికిందని ఆ గొడ్డు తాలూకు మనిషి తన నోటితో చెప్పి మళ్ళీ దండోరా వేయించేదాకా ఏ ఇల్లూ వెతకడం మానకూడదు. మానిన ఇంటికి ఏడాది పాటు ఊళ్ళో ఎవరి బర్రె ఈనినా జున్నుపాలు పోయరు. మా ఊళ్ళో దొంగతనం చేసి తలెత్తుకు తిరిగినవాళ్ళున్నారు గానీ జున్ను లేకుండా ఏడాది గడిపినవాళ్ళు లేరు.

కాబట్టి రెండు వందల పన్నెండిళ్ళ నుంచి రెండు వందల పన్నెండు మంది రెండు రోజులు చేలమ్మట, వాగమ్మట తిరిగారు. మూడోరోజు నాంచారమ్మ నా దగ్గరకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"బావా, మండలంలో అడిగొద్దాం రా. నీకైతే మాటలొచ్చు."

"మాటలొచ్చినోడికి పనులు రావే నాంచారీ."

"పనులు నేను చూస్తాలే, నువ్వు మాట్టాడు."

మండలం మా ఊరికి మూడు మైళ్ళు. ఆఫీసు వెనకే బందెలదొడ్డి. దిక్కులేని గొడ్లను, పరాయి చేలో పడ్డ గొడ్లను అందులో కట్టేస్తారు. గుమాస్తా కిటికీలోంచి రిజిస్టరు తిరగేశాడు.

"ఒంటికొమ్ముది లేదమ్మా. ఉన్నయ్యన్నీ రెండు కొమ్ములయ్యే."

"ఒక్కసారి లోపలికి పోయి చూసుకుంటానయ్యా."

"రిజిస్టర్లో లేని గొడ్డును లోపల చూడటానికి వీల్లేదు. చూశావనుకో, రిజిస్టరు తప్పైపోద్ది."

అక్కడి నుంచి సుధాంశు శేఖరం గారి గదికి వెళ్ళాం. ఆయన టీ తాగుతున్నాడు. మాకూ చెరో అరకప్పు పోయించాడు.

"ఈ రెండు మూడు దినములుగా మా ఆఫీసు టీ ఎంత చిక్కగా ఉన్నదో గమనించితిరా? పరిపాలన మెరుగుపడిన ఫలితము."

నాంచారమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. కప్పులోకి చూస్తూ కూర్చుంది.

"బావా, ఇది మన సింగారి పాల రుచి."

"దిగులు మీదుంటే అన్నీ అట్టాగే ఉంటయ్యిలే. తాగు" అన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళ జీవితంలో నేను ఇచ్చిన చెడ్డ సలహాల్లో దానిది మొదటి స్థానం.

అధికారి మా మొర విన్నాడు. విని, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"పశువులు మా పరిధిలోనికి రావు. అయినను ఒక పౌరుడిగా సూచన చేయుచున్నాను. ఈ కాలమున ఏది వెతకవలసినా చేలగట్లమ్మట తిరుగుట అనాగరికము. వెతుకుట అనునది ఫోనులో జరగవలెను."

నాంచారమ్మ ఆ మాట కొంగున ముడేసుకుని వచ్చింది. సాయంత్రం రచ్చబండ దగ్గర నిలబడి ఊరికి చెప్పేసింది. చదువుకున్న పెద్దమనిషి చెప్పాడు, ఇకమీదట సింగారిని ఫోన్లో వెతకాలి. ఊరు ఆనందంగా ఒప్పుకుంది. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకోని వెతుకులాట అంతకు ముందు మా ఊరు ఎరగదు. ఇంటికొక ఫోను, పొద్దున పదిసార్లు, మధ్యాహ్నం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు అని లెక్క ఖాయం చేసుకున్నాం. అందరూ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒకటే మాట.

"ఒంటికొమ్ము బర్రె యాడుంది?"

ఫోను పాపం దానికి తెలిసింది చూపించేది. ఎక్కువగా ఖడ్గమృగాలు. నాంచారమ్మ ప్రతి ఇంటికీ తిరిగి ప్రతి బొమ్మనూ దగ్గరగా పెట్టుకుని చూసేది. ఒక ఖడ్గమృగాన్ని చాలాసేపు చూసి, "నడుం మనదాని మాదిరే ఉంది గానీ చెవులు కాదులే" అని ఫోను తిరిగి ఇచ్చేసింది.

పదిరోజులు ఇట్లా వెతికాం. పదకొండో రోజు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. సుధాంశు శేఖరం గారు దిగాడు. చేతిలో బంతిపూల దండ. ఎవరి మెడలో వేయాలో తెలియక మస్తానయ్య మెడలో వేశాడు.

"శుభవార్త. గ్రామమునకు కీలకపదము లభించినది. 'ఒంటికొమ్ము బర్రె.' పది దినములలో అరవై మూడు వేల ఎనిమిది వందల పర్యాయములు వెతకబడినది. అమ్మువారు సున్నా. ఇంతటి స్వచ్ఛమైన కీలకపదమును మా డైరెక్టరు గారు సైతము ఎరుగరు."

మస్తానయ్య దండ సర్దుకుంటూ, "ఆ ఎతికింది మేమే సార్" అన్నాడు.

"ఎవరు వెతికారు అనునది శాఖకు అనవసరము. ఎంతమంది అనునదే ముఖ్యము."

"ఎంతమందిమి లేం సార్. ఇంటికి ముప్పైసార్లు చొప్పున మేమే."

"మరీ మంచిది. అంకితభావముగల వినియోగదారులు."

నేను లెక్క కట్టి చూశాను. రెండు వందల పన్నెండిళ్ళు, రోజుకు ముప్పై, పది రోజులు. అరవై మూడు వేల ఆరు వందలు. ఆ పైన కనపడుతున్న రెండు వందలు నావి. నాకు మధ్యాహ్నంపూట తోచదు.

"అయితే అయ్యా, నా బర్రె దొరికిందా?" అంది నాంచారమ్మ.

"బర్రె కాదమ్మా, దానికన్న గొప్పది దొరికినది. మార్కెట్టు" అన్నాడాయన.

ఇక ఉత్పత్తి మొదలైంది. మార్చి ఇరవై ఎనిమిదిన డైరెక్టరు హైమవతి గారు స్వయంగా వచ్చి ఒంటికొమ్ము బర్రెల ఆన్‌లైన్ అమ్మకాలు ప్రారంభిస్తారని కబురు. ఊళ్ళో మూడు వందల నలభై బర్రెలున్నాయి. అన్నిటికీ రెండేసి కొమ్ములే. ఒకటి కోసేద్దామా అని పశువుల డాక్టరును పిలిచి అడిగారు. అది చట్టానికి విరుద్ధం అన్నాడాయన. బర్రెలు కూడా అదే అభిప్రాయంతో ఉన్నాయి.

సుధాంశు శేఖరం గారు రెండు రోజులు ఆలోచించి దారి కనిపెట్టాడు. కొమ్మును తీయనక్కర లేదు, కనపడకపోతే చాలు. నల్లగుడ్డతో కొమ్ముకు తొడిగే మేజోడు లాంటిది ఒకటి కుట్టించి, శృంగాచ్ఛాదన అని పేరు పెట్టి, మూడు వందల నలభై తెప్పించాడు. వచ్చినవి మూడు వందల నలభై జతలు. జత విడదీసి వాడరాదని ప్రతి జత మీదా ముద్ర.

"ఒకటి తొడిగి ఒకటి తీసి పెడదాం సార్" అన్నాడు మస్తానయ్య.

"నిబంధనను చదివియు ఆ మాట ఎట్లు అనుచున్నారు?"

ఆ విధంగా మూడు వందల నలభై బర్రెలకూ రెండు కొమ్ములూ మాయమయ్యాయి. ఊరంతా బోడితలల బర్రెలు. ఒకదాన్నొకటి గుర్తు పట్టలేక పొద్దుగూకేసరికి ఎవరి కొట్టంలోకి ఏది దూరిందో తెలిసేది కాదు. మా బర్రె రెండు రోజులు మస్తానయ్యగారింట్లో ఉండి ఆ ఇంటి పద్ధతులన్నీ నేర్చుకుని వచ్చింది. అప్పటి నుంచి దానికి సిమెంటు తొట్లో తప్ప దాణా దిగదు. అధికారి ల్యాప్‌టాప్ తెరిచి 'కొమ్ముల్లేని బర్రె' అని కొట్టాడు.

"వెతుకువారు సున్నా" అని చదివి వీధిలోకి చూశాడు. "అమ్మువారు మూడు వందల నలభై."

మేజోళ్ళు విప్పించారు. డైరెక్టరు గారు రావడానికి ఎనిమిది రోజులుంది. చూపించడానికి ఒక్క సిసలైన ఒంటికొమ్ము బర్రె కావాలి. అప్పుడు ఆయన తలగుడ్డ చుట్టుకుని నాంచారమ్మ కొట్టం దగ్గరకొచ్చాడు.

"అమ్మా, నీ వద్ద అటువంటిది ఒకటి ఉండెడిదట."

"ఉండేదయ్యా. పోయింది. అది చెప్పుకోటానికే మీ ఆఫీసుకొస్తే అరకప్పు టీ పోశారు."

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు పుట్టింది. పోలీసులు, అటవీశాఖ, నీటిపారుదల వాళ్ళు, చివరికి ఎక్సైజు వాళ్ళు కూడా. పద్నాలుగు బృందాలు మా పొలాల మీద పడ్డాయి. అందరూ చేలగట్లమ్మటే తిరిగారు. అనాగరికము అని నేను గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను, ఆయన బూట్లలో పల్లేరుకాయలు చూసి. ఒక బృందం ఒంటికొమ్ము పొట్టేలును తెచ్చి, దూరం నుంచి చూడమని బతిమాలింది. మరొక బృందం అనుమానం మీద నన్ను ఆపి, ఇంట్లో ఎన్ని గొడ్లున్నాయని అడిగింది. నాతో కలిపి మూడని చెప్పాను. రాసుకున్నారు.

ఐదో రోజు సాయంత్రం సుధాంశు శేఖరం గారు అలసి సొలసి ఆఫీసుకు చేరి టీ అడిగాడు. టీ లేదు. ఎందుకు లేదయ్యా అంటే, టీ పెట్టే బంట్రోతు కూడా పన్నెండో బృందంలో వెతకడానికి పోయాడన్నారు. పాలు ఎక్కడివో కనుక్కుని తానే కాచుకుందామని ఆయన వెనక్కి వెళ్ళాడు. బందెలదొడ్డిలో, ఆయన కిటికీకి పది అడుగుల దూరంలో, సింగారి నెమరేస్తూ నిలబడి ఉంది.

తర్వాత తెలిసిన సంగతి ఇంతే. మంగళవారం నాడు సింగారి ఆఫీసు ముందున్న క్రోటన్ మొక్కలన్నీ మేసింది. కాపలావాడు పట్టి బందెలదొడ్డిలో కట్టేశాడు. గుమాస్తా ఫారం నింపాడు. ఆ ఫారంలో 'కొమ్ములు' అన్న చోట 'రెండు' అని ముందే అచ్చు వేసి ఉంది.

"ఒకటే ఉన్నదని కనపడలేదా?" అని అధికారి అడిగితే గుమాస్తా లేచి నిలబడి చెప్పాడట. "కనపడింది సార్. రాయటానికి గడి లేదు."

కబురు అందగానే నాంచారమ్మ మూడు మైళ్ళూ పరుగు లాంటి నడకతో పోయింది. నేను వెనకబడి చేరేసరికి సింగారి మెడ మీద తల ఆనించి ఉంది. చెవులు తడిమింది, పొదుగు తడిమింది, కుడి వైపు విరిగిన మొద్దు తడిమింది.

"చిక్కిపోయావే తల్లీ" అంది. సింగారి ఇరవై ఎనిమిది రోజులు ప్రభుత్వపు గడ్డి తిని పీపా లాగా ఉంది.

ఆ సాయంత్రమే నాంచారమ్మ దండోరా వేయించింది. దొరికింది, ఇక చాలు. రెండు వందల పన్నెండు ఫోన్లు మూగబోయాయి.

ఒక్కరోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం సుధాంశు శేఖరం గారు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని జీపు ఆగకుండానే దిగాడు. తెల్లవారితే డైరెక్టరు గారు వస్తారు.

"నిన్న కీలకపదము సున్నా. నేడును సున్నా. ఎందుకు మానితిరి?"

"దొరికింది గదా సార్" అన్నాడు మస్తానయ్య.

"దొరికినంత మాత్రమున వెతుకుట మానుదురా? ఇది బాధ్యతారాహిత్యము కాదా?"

ఆయన పాపం నిజంగా చెమటలు కక్కుతున్నాడు. బర్రెను చూపిస్తే వెతుకులాట ఉండదు. వెతుకులాట ఉండాలంటే చూపించడానికి బర్రె ఉండకూడదు. ఆ పూటంతా చెట్టుకింద కూర్చుని ఆలోచించి, ఆఖరికి లేచి కాగితం మీద ఒక ఉత్తర్వు రాశాడు. మాకు చదివి వినిపించాడు. సదరు మహిషము దొరుకుట పథకము లక్ష్యములకు విరుద్ధమైనందున, దానిని తక్షణమే పునర్నష్టపరచవలెను.

"అంటే ఏందయ్యా?" అంది నాంచారమ్మ.

"మరల పోగొట్టవలెను. రేపు ఉదయము లారీ వచ్చును. శాఖవారే భద్రముగా, ఎవరికిని తెలియని దూరప్రాంతమున పోగొట్టెదరు."

నాంచారమ్మ గిరుక్కున తిరిగింది. ఇంటికి పోయి సింగారి పలుపును కట్టుగుంజకు మూడు ముళ్ళు వేసింది.

ఉదయం లారీ వచ్చింది. నలుగురు మనుషులు తాళ్ళతో దిగారు. నాంచారమ్మ గుంజను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఊరంతా కొట్టం ముందు చేరింది. ఎవరూ ముందుకు రావడం లేదు, వెనక్కు పోవడం లేదు. తాళ్ళవాళ్ళలో పెద్దవాడు ఒక అడుగేశాడు. సింగారి ఉన్న ఒక్క కొమ్మూ అటు తిప్పింది. మస్తానయ్య గబగబా తన జీపును అవతలికి తోయించాడు.

సరిగ్గా అప్పుడే తెల్లకారు వచ్చి ఆగింది. హైమవతి గారు దిగారు. కళ్ళద్దాలు, చేతిలో పలచటి ఫైలు. బర్రెను చూసి ముఖం వికసించింది.

"ఇదేనా కీలకపదము?"

సుధాంశు శేఖరం గారు పరిస్థితి నివేదించాడు. వికసించిన ముఖం మెల్లగా మూసుకుంది.

"అనగా, ఉత్పత్తి లభ్యమైనచో ఆదరణ నశించుచున్నది. అయితే నష్టపరచుటయే మార్గము. తీసుకుపొండి."

అప్పుడు నాంచారమ్మ గుంజ వదలకుండానే తలెత్తింది.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఒక మాట చెప్పు. మీకు కావాల్సింది బర్రె పోవటమా, బర్రెను ఎతకటమా?"

డైరెక్టరు గారు ఆలోచించారు. "వెతకటమే."

"అయితే దాన్ని పోగొట్టే పనేముంది? నా నోటితో పోయిందని దండోరా ఏయిస్తే ఊరు ఎతుకుద్ది. దొరికిందని నేను మళ్ళీ చెప్పిందాకా ఎతుకుతానే ఉంటది. అది మా కట్టుబాటు. నేను చెప్పను. సచ్చిందాకా చెప్పను. బర్రె మాత్రం ఈ గుంజ కాడే ఉంటది."

"కానీ అమ్మా, కళ్ళ ఎదుట ఉన్నదానిని పోయినది అని శాఖ ఎట్లా అంగీకరించగలదు? రికార్డు ఉండవలెను కదా."

ఇక మాటలొచ్చినోడి వంతు వచ్చిందనుకున్నాను.

"రికార్డుంది తల్లీ. మీ బందెలదొడ్డి రిజిస్టరు తెప్పించి చూడండి. ఒంటికొమ్ము బర్రె దొరికినట్టు అందులో యాడా లేదు. మీ కాగితం ప్రకారం అది ఆ మంగళవారం నుంచి ఇంకా పోయే ఉంది. ఇక్కడున్నది మా కళ్ళకు కనపడేది. మా కళ్ళకు గెజిటెడ్ సంతకం లేదు గదా."

జీపు పంపి రిజిస్టరు తెప్పించారు. హైమవతి గారు నిలబడే చదివారు. కొమ్ములు: రెండు. మళ్ళీ చదివారు. సింగారి వంక చూశారు. మళ్ళీ కాగితం వంక చూశారు. ముఖం మునుపటికన్నా ఎక్కువగా వికసించింది.

"రికార్డు సుస్పష్టము. ఒంటికొమ్ము మహిషము ఇంకను లభ్యము కాలేదు. శేఖరం గారూ, ఇంతకన్న ఆదర్శవంతమైన సరుకు ఏమున్నది? నిరంతరము వెతకబడును, ఎన్నడును దొరకదు. పోటీదారుడు రావలెనన్నను రాలేడు."

"నాకు కాగితం కావాల" అంది నాంచారమ్మ.

"ఏమని?"

"మీ లెక్కలో దొరికిందాకా నా బర్రెను ఎవరూ పట్టగూడదు, కట్టగూడదు, లారీ ఎక్కియ్యగూడదు అని."

"పోయినదానిని ఎవరైనను ఎట్లు పట్టగలరు?" అని డైరెక్టరు గారు నవ్వి, అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. నాంచారమ్మ ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకుని, అప్పుడు గుంజ వదిలింది. మధ్యాహ్నం దండోరా వేయించింది. సింగారి మళ్ళీ పోయింది. సింగారి దండోరా చప్పుడుకు చెవులాడించి దాణా అడిగింది.

ఏడాది అయింది. ఇప్పుడు మా మునగలదిన్నె జిల్లాలో మొదటి కీలకపద గ్రామం. ఊరి మొదట్లో పచ్చబోర్డు పెట్టారు: 'ఒంటికొమ్ము బర్రెల గ్రామం. ప్రస్తుతం సరుకు లేదు.' రోజూ సాయంత్రం ఇంటికొకరు నాంచారమ్మ కొట్టం ముందు చేరి, ఆమె పోసిన మజ్జిగ తాగుతూ, సింగారిని ఫోన్లలో వెతుకుతాం. ఒక్కోసారి సింగారి మధ్యలోంచి నడిచిపోతుంది. దారి ఇచ్చి మళ్ళీ వెతుకుతాం. పై జిల్లాల నుంచి చూసి నేర్చుకోవడానికి అధికారులు బస్సుల్లో వస్తున్నారు. కొట్టంలో ఉన్నదేమిటని ఎవరైనా అడిగితే మస్తానయ్య ఫారం నకలు చూపిస్తాడు. దానికి రెండు కొమ్ములు. చదివి తలూపి పోతారు.

సింగారి వారానికొకసారి మండలం పోయి ఆఫీసు ముందు కొత్తగా వేసిన క్రోటన్లు మేసి వస్తుంది. కాపలావాడు అటు తిరిగి నిలబడతాడు. లేని గొడ్డును ఏమని తోలుతాడు.

రెండు నెలల కిందట సింగారి ఈనింది. పెయ్యదూడ. రెండు కొమ్ములూ వచ్చేట్టే ఉన్నాయి. రెండు వందల పన్నెండిళ్ళకూ తలా ఒక చెంచాడైనా జున్నుపాలు అందాయి. నా చెంచా కాస్త పెద్దది.

నెల తిరిగేసరికి సుధాంశు శేఖరం గారు తనిఖీకి వచ్చాడు. కొట్టంలో నులకమంచం మీద కూర్చుని ఫైలు తెరిచాడు. పక్కనే సింగారి దూడను నాకుతోంది. ఆయన దాని తోక తగలకుండా ఫైలు కాస్త పక్కకు జరుపుకున్నాడు.

"అమ్మా, సదరు మహిషము ఆచూకీ ఏమైనా?"

"లేదయ్యా. ఎతుకుతానే ఉన్నాం."

"సంతోషము." ఆయన రాసుకుని సంతకం పెట్టాడు. నాంచారమ్మ టీ గ్లాసు చేతికిచ్చింది. ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. గ్లాసులోకి చూశాడు.

"ఇంత చిక్కని టీ నేను మా ఆఫీసులో ఒక్క ఇరవై ఎనిమిది దినములు మాత్రము తాగితిని. ఎవరి పాలమ్మా ఇవి?"

"పోయిన బర్రెయ్యి అయ్యా" అంది నాంచారమ్మ.

ఆయన తలూపి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పోయమన్నాడు.